మిగిలిన మూడు మూలలు

బుధవారం పొద్దున దామోదర్, ఎదురింటి మిసెస్ లిన్ ఒక తలుపంత అట్టను చెరో కొసా పట్టుకుని వీధి దాటుతుంటే, మలుపు తిరిగిన చెత్తబండి కూడా మర్యాదగా ఆగింది. ఫ్రీమాంట్‌లో చెత్తబండి ఆగడమంటే మాటలు కాదు. ఆ డ్రైవరు సాక్షాత్తూ ప్రెసిడెంటు అడ్డొచ్చినా ఆయన్నీ తొట్టితో పాటు ఎత్తి బండిలో వేసుకుపోయే రకమని ఆ వీధిలో పేరు.

అట్ట మీద బొమ్మ, బొమ్మ మీద పల్చటి కాగితం. గాలికి కాగితం లేచినప్పుడల్లా మిసెస్ లిన్ మెడ వంచి గడ్డంతో నొక్కిపెట్టేది. డెబ్భై దాటిన మనిషి. వెనక్కి నడుస్తున్నది ఆవిడే. ఆ కొస నాకివ్వండని దామోదర్ ఎంత చెప్పినా ఇవ్వలేదు.

ఆవిడ ఇంట్లో చెక్కనేల అరగదీస్తున్నారు. ఆ పొడి సొరుగుల్లో మడతపెట్టిన బట్టల్లోకి కూడా దూరుతోందట. శుక్రవారం ఫ్రేము కట్టేవాడు వచ్చేదాకా బొమ్మను ఎక్కడైనా దాచాలి. కుక్క లేని ఇల్లు, చిన్నపిల్లలు లేని ఇల్లు, చెప్పులు బయట విప్పే ఇల్లు ఆ వీధిలో దామోదర్‌ది ఒక్కటే. వచ్చే నెల లైబ్రరీ హాల్లో ఆవిడ బొమ్మలు పెడుతున్నారు. తలుపు తీయగానే ఎదురుగా కనపడవలసింది ఇదే.

గెస్ట్‌రూమ్‌లో పొడవాటి బల్ల మీద దించాక ఆవిడ పై కాగితం తీసి, దారిలో ఏమైనా తగిలిందేమోనని నాలుగు వైపులా వంగి చూసుకుంది. దామోదర్ కూడా చూశాడు. కుడివైపు కిందనుంచి ఒక నల్లరాయి లేచింది. వెడల్పాటి కుంచెతో ఒకే ఊపులో లాగినట్టుంది. సిరా చాలక తెల్లచారలు మిగిలినచోట రాతికి గరుకుతనం వచ్చింది. పగుల్లోంచి పొడవాటి ఆకులు నాలుగైదు. ఒక ఆకు నడుమ విరిగి రాతి మీదికి వాలింది. కింద పేరు తెలియని గడ్డి. మిగతాదంతా తెల్లకాగితం. ఎడమవైపు కింది మూలలో మాత్రం గోరంత గుండ్రటి ఎర్ర ముద్ర.

ఈ రాయి కుదరడానికి ఎన్ని కాగితాలు చింపానో నా చెత్తబుట్టను అడగండి అని నవ్వింది మిసెస్ లిన్. వెళ్ళబోతూ, తడి తగలకుండా చూడమంది. ఈ కాగితం తాగినదాన్ని తిరిగి ఇవ్వదట.

ఆవిడ గుమ్మం దాటిందో లేదో, కాఫీ గ్లాసుతో రాధారాణమ్మ గదిలోకి వచ్చింది. దామోదర్‌కు మేనత్త, అతన్ని చిన్నప్పుడు ఎత్తుకు పెంచిన మనిషి. బొమ్మను ఆ చివరినుంచి ఈ చివరిదాకా పరకాయించి చూసింది.

"ఏ కొండరా ఇది?"

"కొండ కాదత్తయ్యా. రాయి. పక్కన మొక్కలు."

"కొండా మొక్కలూ ఒకచోట ఉంటే సంజీవనే కదరా. మోసుకెళ్ళే ఆయనేడీ?"

"ఆయన లేడు."

"లేకేం. కింద ఉండి ఉంటాడు. కాగితం చాల్లేదు ఆవిడకి."

దామోదర్ అప్పటికే బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు. ఆఫీసులో మీటింగు ఉంది, ఫ్రీవే మీద ఎక్కడో యాక్సిడెంటు ఉంది. వాదించడానికి తీరిక లేక, ఇది చాలా విలువైంది, రెండు రోజులు మనింట్లో ఉంటుంది, కాస్త జాగ్రత్త అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ జాగ్రత్త అన్న మాట దగ్గరే బండి పట్టాలు తప్పింది. దామోదర్ నిఘంటువులో దానికి అర్థం ముట్టుకోవద్దని. రాధారాణమ్మకు జాగ్రత్త అంటే ఒకటే పద్ధతి: పసుపు, కుంకుమ. విలువైన వస్తువు గడప దాటి లోపలికి వచ్చిందంటే నాలుగు మూలలా బొట్టు పడాల్సిందే. ఫ్రిజ్‌కి పడింది, లాప్‌టాప్‌కి పడింది, గరాజ్ తలుపు తెరిచే రిమోట్‌కి కూడా పడింది. దామోదర్ భార్య నళిని గ్రీన్‌కార్డుకు బొట్టు పెడితే ఎయిర్‌పోర్టులో మెషీను దాన్ని చదవక కాసేపు నిలబడిపోయింది. మొరాయించిందని నళిని అంటుంది. దండం పెట్టుకుందని ఆవిడ అంటుంది. ఇక ఆవిడ నుదుటి బొట్టు సంగతి వేరే చెప్పాలి. మొగుడు పోయిననాడు చుట్టాలు చెరపబోతే, ఇది ఆయన పెట్టింది కాదు, పుట్టినప్పుడు మా అమ్మ పెట్టింది, ఆవిడొచ్చి అడిగితే తీసిస్తాను అని చెయ్యి అడ్డం పెట్టిన మనిషి.

ఇవన్నీ దామోదర్‌కు ఇంట్లో ముద్దు, వీధిలో సిగ్గు. కొత్త కారు చక్రాల కింద నలిగిన నిమ్మకాయలు చూసి మిసెస్ లిన్ అడిగితే, ఉడతలు తెచ్చి పడేస్తున్నాయని చెప్పాడు. ఆవిడ నమ్మింది, తన పెరట్లో నిమ్మచెట్టుకు వల కూడా కట్టింది. గడపకు రాసిన పసుపు చూసి అడిగితే, వుడ్ పాలిష్ ఏ షేడ్ బాగుంటుందో చూస్తున్నామన్నాడు. అత్తయ్య బొట్టు ఫ్యాషన్ అన్నాడు.

గురువారం మరిసోల్ వచ్చే రోజు. ఆ వీధిలో అయిదారు ఇళ్ళు ఆమే తుడుస్తుంది. వంటింటికి ఒక రంగు గుడ్డ, బాత్‌రూమ్‌కి ఒక రంగు, అద్దాలకు ఒకటి. ఒకదాన్ని ఇంకోచోట వాడదు. ఆమెకు స్పానిష్, అత్తయ్యకు తెలుగు. ఇద్దరికీ కలిపి ఇంగ్లీషు ముక్కలు ఒక గుప్పెడు. అయినా మధ్యాహ్నం పూట డైనింగ్ టేబుల్ దగ్గర ఆ కబుర్లకు అంతుండదు. అత్తయ్య ఆమెను మరిసమ్మ అంటుంది. మరిసమ్మ కూతురి పళ్ళకు తీగలు కట్టించిన సంగతి, తమ్ముడు ఎక్కడో టమాటా తోటల్లో పనిచేసే సంగతి ఆ ఇంట్లో అత్తయ్యకు తప్ప ఎవరికీ తెలియదు.

గురువారం సాయంత్రం దామోదర్ వచ్చేసరికి ఇల్లు నిమ్మవాసన వేస్తోంది. మరిసోల్ వెళ్ళి చాలాసేపయింది. సాక్సులతోనే గెస్ట్‌రూమ్‌లోకి తొంగి చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళాడు. బల్ల అంచు పట్టుకున్నాడు.

ఎడమవైపు కింది మూలలో ఎర్ర ముద్ర ఎప్పటిలాగే ఉంది. మిగిలిన మూడు మూలల్లోనూ మూడు బొట్లు. నీళ్ళతో తడిపి పెట్టిన కుంకుమ. కాగితం ఆ తడిని ఎండాకాలపు నేలలా పీల్చుకుంది. నడుమ ముదురెరుపు, దాని చుట్టూ పసుపు వలయం, ఆ వలయం చుట్టూ గులాబి రంగు నీడ. పెట్టినప్పుడు వేలి కొసంత ఉండి ఉంటుంది. ఇప్పుడు ఒక్కోటీ అప్పచ్చంత అయింది.

వెనకనుంచి అత్తయ్య గొంతు సంబరంగా వినిపించింది. "చూశావా? ఆవిడ ఒక మూల పెట్టి వదిలేసిందిరా. పెద్దావిడ, మరిచిపోయి ఉంటుంది. మిగిలిన మూడు మూలలూ నేను పెట్టాను."

దామోదర్ ఎర్ర ముద్ర దగ్గరినుంచి మూడో బొట్టు దాకా లెక్కపెట్టినట్టు చూశాడు.

"వాళ్ళూ బొట్టు పెడతారని నాకిన్నాళ్ళూ తెలియదు సుమా," అంది ఆవిడ. ఆ మొహంలో వెలుగు చూసి అతను తల తిప్పుకున్నాడు. ఆకలేస్తోంది, ఉప్మా చెయ్యవా అన్నాడు. ఆవిడ వంటింట్లోకి పోగానే టిష్యూ తడిపి తెచ్చి, పై మూల బొట్టు మీద మెల్లగా అద్దాడు. మరక జరిగి విరిగిన ఆకు దాకా పాకింది. ఇంకోసారి అద్దబోయి ఆగాడు. ఇప్పుడా మూల అత్తయ్యది కాదు, తనది.

బెల్ మోగింది. మిసెస్ లిన్. సంచి నిండా కమలాపళ్ళు, బొమ్మకు చోటిచ్చినందుకు. తమ చెట్టువేనని, ఉడతలు ఈ ఏడు కాస్త దయతలిచాయని చెబుతూ చెప్పులు విప్పి లోపలికి వచ్చింది. ఆపడానికి అతనికి కారణం దొరకలేదు.

బల్ల ముందు ఆవిడ నిలబడింది. అరవలేదు. కళ్ళజోడు పైకి జరిపి, ఒక్కో మూల దగ్గరా వంగి చూసింది. టిష్యూ ఉండ దామోదర్ పిడికిట్లో ఉంది. ఇదేమిటి అని అడిగింది మెల్లగా.

ఆ క్షణంలో అతని కళ్ళ ముందు అన్నీ కట్టకట్టుకుని వచ్చాయి: నిమ్మకాయలు, గడప, ఎర్రబొట్టు, వంటింట్లో పోపు వేస్తున్న అత్తయ్య, ఇన్నేళ్ళుగా కప్పిపెట్టినదంతా. మీ బొమ్మను మావాళ్ళు దేవుడి కొండ అనుకున్నారని ఇంగ్లీషులో ఎలా చెప్పాలో ఆలోచించాడు. నోరు మాత్రం ఆలోచించలేదు.

"ఇవాళ గురువారం కదా," అన్నాడు.

అంతే.

ఆవిడ అతనికేసి చూసింది. "మరిసోల్?"

అతను కమలాపళ్ళకేసి చూశాడు. అదే జవాబైంది.

అప్పుడే అత్తయ్య గుమ్మంలోకి వచ్చి, గరిటె పట్టుకున్న చేతులతోనే మిసెస్ లిన్‌కు నమస్కారం పెట్టింది. బొమ్మకేసి చూపించి, బాగుంది అన్నట్టు తల ఊపింది. మిసెస్ లిన్ తడి కళ్ళతో ఆవిడకు వంగి నమస్కరించింది. ఇంత బాధపెట్టుకోకండి అని దామోదర్ భుజం మీద చెయ్యి వేసి, అట్టకు అవతలి కొస పట్టుకోమంది. వీధి దాటేటప్పుడు కాగితం కప్పలేదు. కప్పి కాపాడేదేమీ లేదు.

శుక్రవారం సాయంత్రం మెయిల్‌బాక్సుల దగ్గర జయంతి కలిసింది. రెండిళ్ళ అవతల ఉంటారు వాళ్ళు. అబద్ధానికి ఎవరైనా ఒక కాలు ఇస్తే చాలు, మిగతా కాళ్ళు అదే మొలిపించుకుంటుంది. దామోదర్ వదిలిన గురువారం ఒక్క రోజులో వీధంతా తిరిగి, బకెట్టూ బ్లీచూ సంపాదించుకుని వచ్చింది.

"మరిసోల్ బకెట్టెడు బ్లీచ్ పోసేసిందటగా అండీ ఆ పెయింటింగ్ మీద? మీ ఇంట్లోనేనటగా. మేం నెక్స్ట్ వీక్ నుంచి మానిపించేస్తున్నాం. కార్నర్ హౌస్ వాళ్ళు కూడా. పిల్లలున్న ఇల్లు, రిస్క్ ఎందుకు?"

బకెట్టు కాదండీ అన్నాడు దామోదర్. బకెట్టు సంగతి ఒక్కటే సరిదిద్దాడు. అక్కడినుంచి ఇంటిదాకా ఆ మాటను నమిలాడు.

శనివారం పొద్దున నళిని ఆస్టిన్ నుంచి వచ్చింది. ఆఫీసు పనిమీద వారంగా అక్కడే ఉంది. సూట్‌కేసు చక్రాలు ఇంకా గుమ్మంలో ఉండగానే అత్తయ్య సంజీవని కథ మొదలుపెట్టి, మూడు బొట్ల దాకా తెచ్చి, మిసెస్ లిన్ ఎంత పొంగిపోయిందో కళ్ళనీళ్ళతో సహా చెప్పింది. నళిని వింటూ దామోదర్‌కేసి చూసింది. అత్తయ్య కాఫీ కలపడానికి వెళ్ళాక జరిగిందంతా అడిగింది. అతను చెప్పాడు. తను మరిసోల్ పేరు ఎత్తనేలేదని కూడా చెప్పాడు.

"నిమ్మకాయలకి స్క్విరల్స్ దొరికాయి. దీనికి మరిసోల్ దొరికిందా?" అంది నళిని.

ఆ మాట మీద అతను కాఫీ తాగకుండానే వీధి దాటాడు.

మిసెస్ లిన్ ఇంట్లో కొత్త వార్నిష్ వాసన. నేల నీళ్ళలా మెరుస్తోంది. ముందు గదిలో బొమ్మ నేల మీద పరిచి ఉంది. నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు. కాగితాన్ని బతికించవచ్చేమోనని ఎవరినో పిలిపించిందట. లాభం లేదన్నాడట అతను.

దామోదర్ నిలబడే చెప్పాడు. మరిసోల్ కాదు, మా అత్తయ్య. విలువైన వస్తువులకు మేం ఎర్రపొడితో బొట్టు పెడతాం. మీ ముద్రను చూసి అదీ అలాంటిదే అనుకుంది. గురువారం నేను చెప్పింది నిజం కాదు.

ఆవిడ అంతా వింది. కోపం వస్తుందని సిద్ధపడి ఉన్నాడు. ఆవిడ లేచి వచ్చి అతని రెండు చేతులూ పట్టుకుంది. మరిసోల్ నిన్న వచ్చిందని చెప్పింది. తనే చేశానని ఒప్పుకుందట. చేతి తొడుగుకు ఏదో ఎర్రటిది అంటుకుని ఉందనీ, చూసుకోలేదనీ ఏడ్చిందట. ఊరికే మూణ్ణెల్లు పనిచేస్తానందట.

"మీరు చాలా మంచివాళ్ళు," అంది మిసెస్ లిన్. "ఆమె పని పోకూడదని సొంత అత్తయ్యను ముందుకు తోస్తున్నారు. కానీ బొమ్మల మీద ఎర్రపొడి ఎవరు పెడతారు చెప్పండి?"

మేం పెడతాం అన్నాడు. మా గడపకు కూడా పెడతాం అన్నాడు. ఆవిడ నొచ్చుకున్నట్టు నవ్వింది. అది వుడ్ పాలిష్ అని మీరే చెప్పారుగా అంది. నుదుటిది ఫ్యాషన్ అని కూడా మీరే చెప్పారు.

తను కట్టిన గోడకు తనే తలుపు పెట్టుకోలేదని అప్పుడు తెలిసింది దామోదర్‌కు. చెంపదెబ్బ తింటే ఒక చెంపే మండుతుంది. మంచివాడివి అన్న మాట ఒళ్ళంతా మండించింది. వార్నిష్ నేల మీద తన సాక్సుల గుర్తులు పడకుండా మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటికొచ్చాడు.

ఆ రోజంతా అత్తయ్యకు చెప్పడానికి మూడుసార్లు వంటింటి గుమ్మం దాకా వెళ్ళి, నీళ్ళు తాగి వెనక్కొచ్చాడు. అన్ని నీళ్ళు తాగుతుంటే షుగరేమో చూపించుకోమంది ఆవిడ.

ఆదివారం పొద్దున రాధారాణమ్మ పెరట్లో కుండీలోని కరివేపాకు చెట్టుకు చిగుళ్ళు గిల్లుతోంది. ఆ చెట్టు మీద ఆవిడకు ఎంత నమ్మకమంటే, చలికాలంలో దానికి తన స్వెట్టరు కప్పి తను శాలువాతో సరిపెట్టుకుంటుంది. దామోదర్ పక్కన గట్టు మీద కూర్చున్నాడు. ముద్ర అంటే ఏమిటో ముందు చెప్పాడు. అది బొట్టు కాదత్తయ్యా, ఆవిడ పేరు. సంతకం లాంటిది.

ఆవిడ చేతిలో రెమ్మ ఆగింది.

"అయితే నేను పెట్టినవో?"

"మరకలు."

ఆవిడ కుడిచేతి ఉంగరపు వేలు చూసుకుంది. ఆ వేలి గీతల్లో ఎరుపు ఏళ్ళ తరబడి ఇంకిపోయి ఉంది. సబ్బుకు పోదు.

"ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకున్నది అందుకా? నేను ఎదురుగా నిలబడి తల కూడా ఊపానే," అంది. ఆ వేలు కొంగుకు తుడుచుకుంటూ, "నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదురా?" అని అడిగింది.

నువ్వు బాధపడతావని అన్నాడు. అది సగమే నిజం. మిగతా సగం చెప్పేసరికి అతని మెడ వంగిపోయింది. గురువారం అన్న మాట, కమలాపళ్ళు, జయంతి బకెట్టు, మరిసోల్ ఒప్పుకోవడం. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆవిడ కరివేపాకు రెమ్మలన్నీ కొంగులో సర్దింది.

"చెయ్యని పని చేశానని ఒప్పుకుందా ఆ పిల్ల?"

"ఒప్పుకుంది."

"నా చేతి పులిహోర తీసుకుని వెళ్ళింది ఆ రోజు." లేచి నిలబడింది. "పద. చీర మార్చుకుని వస్తాను."

ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. నుదుటి బొట్టు రోజూకంటే పెద్దగా పెట్టుకుంది. నళిని చూసి కుచ్చిళ్ళు సరిచేసి పంపింది.

మిసెస్ లిన్ తలుపు తీసి ఇద్దరినీ చూసి కంగారుపడింది. పెద్దావిడను ఎందుకు తీసుకొచ్చారని దామోదర్‌ను మందలించబోయింది. రాధారాణమ్మ నేరుగా బొమ్మ దగ్గరికి నడిచి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది. కింది మూలలోని మరక దగ్గర ఉంగరపు వేలు ఆనీ ఆనకుండా పెట్టింది. నడుమనున్న ముదురెరుపు ఆ వేలి కొసకు సరిగ్గా సరిపోయింది. పైకి పాకి రెండో మూల దగ్గరా అలాగే పెట్టింది. మూడోది చెదిరిపోయి ఉంది. అక్కడ వేలు ఆనలేదు; ఒకసారి దామోదర్‌కేసి చూసిందంతే. తర్వాత అదే వేలితో తన నుదురు చూపించింది.

మిసెస్ లిన్ ఎదురుగా కూర్చుంది. రాధారాణమ్మ చెయ్యి తీసుకుని తిప్పి, వేలి గీతల్లోని ఎరుపును కళ్ళజోడు జరుపుకుని చూసింది. ముద్ర కొట్టే ఎరుపు తన వేళ్ళకూ అంటుకుని ఉంటుంది కాబట్టి, ఒక్కరోజులో పట్టే రంగేదో ఏళ్ళ మీద పట్టే రంగేదో ఆవిడకు ఒకరు చెప్పనక్కర్లేదు. చెయ్యి వదల్లేదు.

"నేను చెప్పేది ఆవిడకు చెప్పరా," అంది రాధారాణమ్మ. "తెలియక చేశాను. కొండ అనుకున్నాను, పూజ చేశాను. మీ కష్టం పాడైపోయింది. నన్ను తిట్టండి."

దామోదర్ ఇంగ్లీషులో చెప్పాడు. అంతవరకూ గొంతు బాగానే పలికింది.

"మరిసమ్మకు దీంతో ఏమీ సంబంధం లేదు. వీడు అబద్ధమాడాడు. వీణ్ణి పెంచిందాన్ని నేనే."

దామోదర్ గొంతు సవరించుకున్నాడు. మరిసోల్ ప్రమేయం ఏమీ లేదనీ, తను మిస్టేక్ చేశాననీ చెప్పాడు.

రాధారాణమ్మ మెడ తిప్పింది. ఆవిడకున్న గుప్పెడు ఇంగ్లీషులో ఆ ముక్క ఉంది.

"మిస్టేక్ నాది. నీది అబద్ధం. దానికి ఇంగ్లీషులో మాట లేదా?"

మిసెస్ లిన్ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఏమంటున్నారు అని అడిగింది.

దామోదర్ చెప్పాడు. ఐ లైడ్ అన్న రెండు మాటలు. ఆఫీసులో గంటలకొద్దీ ఇంగ్లీషు దంచే మనిషికి ఆ రెండు మాటల్లో నాలుక రెండుచోట్ల తగులుకుంది.

మిసెస్ లిన్ తల పంకించింది. ఇప్పుడు మంచివాళ్ళు అనలేదు. గులకరాళ్ళు ఒక్కొక్కటే తీసి, కాగితాన్ని చుట్టి, దారం కట్టింది. లోపలికెళ్ళి కోటు వేసుకుని వచ్చింది. శుక్రవారం మరిసోల్‌ను తను అడిగిన తీరు కూడా ఏమంత బాగోలేదనీ, మనసులో అప్పటికే తీర్పు రాసేసుకుని అడిగాననీ, అందుకని తనూ వస్తున్నాననీ చెప్పింది.

దగ్గరి ఊరు హేవర్డ్‌లో మరిసోల్ ఉండే అపార్టుమెంటు మెట్లు రాధారాణమ్మ రెయిలింగు పట్టుకుని ఎక్కింది. మరిసోల్ తలుపు తీసింది. పని చొక్కా లేకుండా, జుట్టు విరబోసుకుని ఉంటే దామోదర్ ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. ముగ్గురినీ చూసి ఆమె మొహం తెల్లబోయింది. ఇంకేం పాడయింది అన్నట్టు చూసింది. లోపలికి రమ్మనలేదు. లోపల టీవీ ముందు పళ్ళకు తీగలున్న పిల్ల కూర్చుని ఉంది.

దామోదర్ ఆ గుమ్మంలోనే చెప్పాడు. ఈసారి మాట తడబడలేదు. అయినా చెప్పడం అయ్యాక సులువనిపించలేదు. మిసెస్ లిన్ కూడా క్షమించమని అడిగింది. జయంతికీ కార్నర్ హౌస్ వాళ్ళకూ తనే చెబుతానంది. కాదు, నేనే చెప్పాలి అన్నాడు దామోదర్.

మీరు చెయ్యలేదు కదా, చేశానని ఎందుకన్నారు అని అడిగాడు ఆమెను.

మరిసోల్ అతనికి అర్థమయ్యేలా చెప్పడానికి మాటలు వెతుక్కుంది.

"అమ్మగారు అడిగారు. అమ్మగార్లు అడిగారంటే అప్పటికే అనుకునే అడుగుతారు. కాదన్నాననుకోండి, పాడుచేసింది, పైగా అబద్ధమాడింది అంటారు. అవునంటే, చూసుకోలేదు అని మాత్రమే అంటారు. చూసుకోనిదానికి ఇంకోచోట పని దొరుకుతుంది. అబద్ధాలాడేదానికి దొరకదు."

రాధారాణమ్మకు ఎవరూ తర్జుమా చెయ్యలేదు. మరిసోల్ రెండు చేతులూ పట్టుకుని తెలుగులో ఏదో అంది. మరిసోల్ స్పానిష్‌లో ఏదో అంది. ఎవరి భాషలో వాళ్ళు కాసేపు ఏడ్చుకున్నారు.

గురువారం వస్తారా అని అడిగాడు దామోదర్. ఆమె రాధారాణమ్మకేసి చూసింది. పెద్దమ్మగారి కోసం వస్తానంది. ఒక షరతు. తను పనిచేసినంతసేపూ ఇంట్లో అతనుండాలి. ఉండి చూడాలి. అతను చూడకుండా ఇక ఆ ఇంట్లో చెయ్యి పెట్టదు.

గురువారం దామోదర్ ఆఫీసుకు వెళ్ళలేదు. ఇంటినుంచి పనిచేస్తానని మెయిల్ పెట్టాడు. అంతకుముందే జయంతి ఇంటికీ మూలింటికీ వెళ్ళి తలుపులు కొట్టి చెప్పివచ్చాడు. జయంతి విని, సర్లెండి, అంత సీరియస్‌గా తీసుకోకండి అంది. మూలింటివాళ్ళు అప్పటికే ఇంకొకరిని పెట్టుకున్నారు. వాళ్ళు తల ఊపి తలుపు వేశారు.

మరిసోల్ వచ్చి, చెప్పులు విప్పి, గుడ్డలు రంగుల వారీగా భుజాన వేసుకుంది. అత్తయ్యను చూసి నవ్వింది. దామోదర్‌ను చూసి, మొదలుపెడదామా సార్ అంది.

మొదట అతను హాల్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. చాలనుకున్నాడు. ఆమె షెల్ఫ్ దగ్గర నిలబడి, గుడ్డ చేతిలో పట్టుకుని ఆగింది. అతను తలెత్తి చూసేదాకా ఆగింది. చూశాక గాజు ఏనుగును ఎత్తి, కింద తుడిచి, ఏనుగును అతని వైపు తిప్పి చూపించి, ఉన్నచోటే పెట్టింది. రెండో వస్తువు దగ్గర మళ్ళీ ఆగింది. అతను లాప్‌టాప్ మూసేశాడు.

అలా గది తర్వాత గది. నళిని ఫోన్లో ఏదో మీటింగులో ఉంది. వంటింట్లో అత్తయ్య ఆవాలు వేయిస్తున్న చప్పుడు. పడకగదిలో అద్దం ముందు నళిని గాజులు విడిగా పడి ఉన్నాయి. బంగారువి, పొద్దున తీసి అక్కడే మరిచిపోయింది. మరిసోల్ వాటిని చూసి ఒక అడుగు వెనక్కి వేసి, చేతులు వెనక్కి పెట్టుకుంది. మీరు తియ్యండి అంది.

పర్లేదు, తుడిచెయ్యండి అన్నాడు దామోదర్.

ఆమె కదల్లేదు.

అతను గాజులు ఒక్కొక్కటే ఏరి దోసిట్లో పట్టుకున్నాడు. ఆమె అద్దం ముందు బల్లంతా తుడిచింది. మూలలు తుడిచింది. అద్దం తుడిచింది, అందులో దోసిలి పట్టుకుని నిలబడ్డ మనిషి ఇంకా స్పష్టంగా కనపడ్డాడు. గుడ్డ మడిచి పక్కకు తప్పుకుని, ఇప్పుడు పెట్టండి అంది. పెట్టాడు.

"అన్నీ ఉన్నాయా సార్?"

"ఉన్నాయి."

"చూసి చెప్పండి," అంది మరిసోల్.

దామోదర్ వంగాడు. ఒక్కో గాజునూ వేలితో పక్కకు జరుపుతూ చూడడం మొదలుపెట్టాడు. ఆమె పక్కనే నిలబడి, తొందరపెట్టకుండా, అతను చూడడం అయ్యేదాకా ఆగింది.